మగ్గం ఉన్న ఇంటికి బీమా: ఏది తీసుకోవాలి, ఎక్కడ ఆదా చేయాలి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి బీమా గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవారు మమ్మల్ని అడిగారు. ఈ విషయంలో మేము పండితులం కాము. మా కమిటీలో చాలామందిమి ఎనిమిదో తరగతి దాటనివాళ్లమే. కానీ నష్టపోయి నేర్చుకున్నాం. ఆ నష్టంలో మా తప్పు కూడా ఉంది. అందుకే ముందు ఆ తప్పు చెప్పి, తర్వాత లెక్కలు చెప్తాం.

గంజాం జిల్లావాళ్లకి అక్టోబరు నెల అంటే భయం. 1999 అక్టోబరులో ఒకసారి తుపాను మా జిల్లా మీదే పడింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గోపాలపురం అంటే మా బరంపురానికి కూతవేటు దూరం. అవి దసరా రోజులు. పండగ గిరాకీ కోసం ప్రతి ఇంట్లో మగ్గం మీద పట్టు పడుగు ఉంది. రాత్రంతా గాలి. రేకులు కాగితాల్లాగ లేచిపోయాయి. మావి గుంట మగ్గాలు కదండీ, కప్పు పోయాక వాన నేరుగా గుంటలోకే వచ్చింది. పొద్దున్న చూస్తే గుంటలో మోకాలి లోతు నీళ్లు, పడుగు మీద మట్టి, జకార్డు అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి.

సభ్యులు మా దగ్గరకి పరుగెత్తుకొచ్చారు. "సంఘానికి బీమా ఉందని మీరే చెప్పారు కదా" అన్నారు. నిజమే, చెప్పాం. ప్రతి సర్వసభ్య సమావేశంలో చెప్పాం. బీరువాలోంచి ఆ కాగితం తీసి, తెలిసిన ఒక మాస్టారి చేత చదివించుకున్నాం. దానిలో ఉన్నది సంఘం గోడౌను, గోడౌనులో ఉన్న సరుకు. అంతే. సభ్యుల ఇళ్లలో మగ్గాల మీద ఉన్న మన పట్టు, మన జరీ, మన పడుగుల మాట ఒక్క ముక్క లేదు. గోడౌనుకి ఏమీ కాలేదు. ఇళ్లలో ఉన్నదంతా పోయింది.

తర్వాత మేము చేసిన పని చెప్పడానికి ఈరోజుకీ సిగ్గుగా ఉంటుంది. సంఘం పుస్తకాల్లో ఆ పట్టు సభ్యుల పేరు మీద ఇచ్చినట్టు ఉంది. లెక్క తేలాలి. అందుకని నీళ్లలో మునిగిన పడుగుల ఖరీదు నెలనెలా వాళ్ల కూలిలో కోసుకున్నాం. కప్పు లేని ఇంట్లో ఉన్నవాడి కూలి కోశాం. రెండు కుటుంబాలు మగ్గం విప్పి అటక మీద పెట్టి సూరత్ మిల్లులకి వెళ్లిపోయాయి. వాళ్లలో ఒకతను చాలా బాగా నేసేవాడు. తిరిగి రాలేదు.

అందుకని మేము ఈరోజు చెప్పే ముఖ్యమైన మాట ఒకటే. మగ్గం ఉన్న ఇల్లు ఒక ఇల్లు కాదు, రెండు. ఒకటి కాపురం, రెండోది కార్ఖానా. ఇంటి బీమా కాపురానికే వస్తుంది. కార్ఖానాకి వేరే కాగితం కావాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మిగుల్చుకోవాలో దానంతట అదే తెలుస్తుంది.

మొదటి పని: ఉన్న కాగితాలు బయటికి తియ్యండి

మేము ఇంటింటికీ వెళ్లి "మీకు బీమా ఉందా" అని అడిగితే చాలామంది ఉంది అన్నారు. చూపించమంటే మూడు రకాల కాగితాలు తెచ్చారు.

ఒకటి, బ్యాంకు ఖాతాలో ఏడాదికి 436 రూపాయలు కోసే జీవన్ జ్యోతి, 20 రూపాయలు కోసే సురక్షా బీమా. ఇవి మంచివే, వదులుకోవద్దు. కానీ మొదటిది మనిషి పోతే ఇచ్చేది, రెండోది ప్రమాదంలో మనిషి పోయినా అంగవైకల్యం వచ్చినా ఇచ్చేది. గోడ పడితే ఇవ్వరు.

రెండోది, ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకులో కట్టించుకున్న బీమా. కొందరిది చదివిస్తే అది కూడా అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి. ఇంటికి కాదు. కొందరిది ఇంటికే గానీ, అప్పు ఉన్నంతవరకే. అప్పు తీరిన రోజే బీమా కూడా ఆగిపోయిందని వాళ్లకి తెలియదు.

మూడోది, ముందు చెప్పిన సంఘం కాగితం. మీ ఊళ్లో కూడా సంఘానికి పాలసీ ఉంటే, దానిలో ఏ అడ్రసు రాసి ఉందో రేపే వెళ్లి చూడండి. మా అనుభవం మీకు రాకూడదు.

ఇంటి పాలసీ: ఏమిస్తుంది, ఏమివ్వదు

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే రకం ఇంటి పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. దాని పేరు భారత్ గృహ రక్ష. ఏ కంపెనీ దగ్గరకి వెళ్లినా ఈ పేరు చెప్పి అడగండి. షరతులన్నీ ఒకటే కాబట్టి పోల్చుకోవడం తేలిక.

దానిలో అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం, బయటి వాహనం వచ్చి గోడను గుద్దడం లాంటివి వస్తాయి. కరెంటు షార్టు సర్క్యూట్ వల్ల ఇల్లు అంటుకుంటే అది అగ్నిప్రమాదమే. షోలాపూరులో, బెంగళూరులో ఇరుకు వీధుల్లో ఉండేవాళ్లకి తుపాను భయం లేకపోయినా ఈ భయం ఉంటుంది. కంచివాళ్లు 2015 వానలు చూశారు. యానాంవాళ్లు 2022 జులైలో గోదావరి వీధుల్లోకి రావడం చూశారు. ఎవరి ఊరికి ఉండే గండం వాళ్లకి ఉంది.

రానివి కూడా చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి కారుతున్న కప్పు, చెమ్మ పట్టిన గోడ, చెదలు, ఎలకలు, వీటికి రాదు. దొంగతనం విషయం జాగ్రత్తగా వినండి. తుపానో అగ్నిప్రమాదమో జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపల సామాను పోతే ఇస్తారు. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే ఈ పాలసీలో రాదు. దానికి దొంగతనం బీమా విడిగా అడగాలి.

ఎంత మొత్తానికి రాయించాలి? ఇక్కడే మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఇంటి బజారు ధర రాయించకూడదు. బజారు ధరలో స్థలం ధర కూడా కలిసి ఉంటుంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అంతే రాయించాలి. ఇంటి లోపలి విస్తీర్ణాన్ని, మీ ఊళ్లో మేస్త్రీ చెప్పే చదరపు అడుగు కట్టుబడి ఖర్చుతో గుణించండి. లెక్కకోసం చెప్తున్నాం. 600 చదరపు అడుగులు, అడుగుకి 1,500 రూపాయలు అనుకుంటే 9 లక్షలు. ఆ ఇంటికి 30 లక్షలు రాయించినా, కూలితే ఇచ్చేది కట్టడానికి అయ్యే ఖర్చే. మిగతా 21 లక్షల మీద కట్టిన ప్రీమియం ఏటా దండగ.

ఇంటి సామానుకి వేరే జాబితా ఇవ్వక్కర్లేదు. కట్టడం మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు దాటకుండా, సామానుకి దానంతట అదే వస్తుంది. పై లెక్కలో 1 లక్ష 80 వేలు. మంచాలు, బీరువా, టీవీ, ఫ్రిజ్, వంటసామాను, బట్టలు అన్నీ దానిలోనే. ఇంకా కావాలంటే పెంచుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కట్టడం మానేసి సామానుకి మాత్రం తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

ఇంకో మంచి సంగతి. కట్టడానికి కొంచెం తక్కువ రాయించామన్న వంకతో ఈ పాలసీలో నష్టపరిహారం కొయ్యరు. రాయించిన మొత్తం దాటకుండా అసలు నష్టం ఇస్తారు. అలాగని కావాలని తక్కువ రాయించకండి. మొత్తం ఇల్లు పడిపోతే ఆ తక్కువే వస్తుంది.

తాటాకు, గడ్డి, వెదురు కప్పు ఉంటే ఆ మాట దరఖాస్తులో ముందే రాయించండి. పక్కా ఇల్లని ఏజెంటు రాసుకుపోతే తర్వాత బాధపడేది మనమే. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే, అది కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పి, వారసులు ఎవరో, ఎవరు ఉంటున్నారో రాయించండి. ఇంటి పన్ను రశీదులు దాచుకోండి.

మగ్గానికి వేరే కాగితం

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లాలో కూడా వానలు, వరదలు వచ్చాయి. ఫైలిన్ తర్వాత బుద్ధి తెచ్చుకుని ఇంటికి బీమా చేసుకున్న ఒక సభ్యురాలు ఉన్నారు. గోడకి డబ్బు వచ్చింది. మగ్గానికి, పడుగుకి ఒక్క పైసా రాలేదు. "ఇది ఇంటి సామాను కాదమ్మా, వ్యాపార సామాను. ఇంట్లో మగ్గం ఉందని మీరు చెప్పనే లేదు" అన్నారు సర్వేయరు. ఆమె మాతో, "మా ఇంట్లో మగ్గం లేకుండా ఎప్పుడుంది బాబూ, వేరే చెప్పాలా" అన్నారు. అవునండి, వేరే చెప్పాలి. మనకి మగ్గం ఇంట్లో మనిషి లాంటిది. కాగితం దృష్టిలో అది యంత్రం.

గృహ రక్షతో పాటే అదే రోజు నుంచి చిన్న పరిశ్రమలకి ఇంకో పాలసీ వచ్చింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష. ఒక చోట 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వృత్తి, వ్యాపారాలకి ఇది. మగ్గం, జకార్డు, అచ్చులు, నాడెలు, రాట్నం, పట్టు, జరీ, నేసిన చీరలు, అన్నీ దీనిలో రాయించుకోవచ్చు. రాయించేటప్పుడు మూడు మాటలు మరిచిపోవద్దు.

మొదటిది, సరుకు ఎవరిది? మగ్గం మనది. పట్టు చాలా ఇళ్లలో మనది కాదు, సంఘానిదో షావుకారుదో. పరాయివాళ్ల సరుకు మన దగ్గర నమ్మకం మీద ఉంది అన్న సంగతి పాలసీలో రాసి ఉండాలి. ఆ పాలసీ మనం తీసుకోవాలా, సరుకు ఇచ్చినవాళ్లు తీసుకోవాలా అన్నది ముందే మాట్లాడుకోవాలి. మా మాట అడిగితే, సరుకు ఇచ్చినవాళ్లే తీసుకోవాలి. కూలివాడి నెత్తిన పెట్టకూడదు.

రెండోది, ఏ చోట ఉంది? పాలసీలో రాసిన అడ్రసులోనే వర్తిస్తుంది. మగ్గం కొడుకు ఇంటికి మారిస్తే ఆ వారమే కంపెనీకి రాసి ఇవ్వండి.

మూడోది, విలువ పూర్తిగా రాయించండి. ఇంటి పాలసీలో లాగ ఇక్కడ తక్కువ రాయిస్తే ఊరుకోరు. 15 శాతం లోపు తేడా ఉంటే పట్టించుకోరు. దాటితే పరిహారం ఆ లెక్కన కోస్తారు. లక్ష రూపాయల మగ్గం, సరుకు 50 వేలకే రాయించి, 40 వేల నష్టం వస్తే, చేతికి వచ్చేది సుమారు 20 వేలే. ఇక్కడ పొదుపు చేస్తే అది పొదుపు కాదు.

ఎక్కడ ఆదా చేయవచ్చు

ఖర్చు మాటకొస్తే, 9 లక్షల పక్కా ఇంటికి మా ఊళ్లో చెప్పిన ప్రీమియం ఒక పట్టుచీర నేత కూలి కన్నా తక్కువే. దాన్ని ఇంకా తగ్గించుకునే దారులు ఉన్నాయి.

ఒకే మొత్తం, ఒకే వివరాలు ఇచ్చి మూడు కంపెనీల దగ్గర రేటు అడగండి. పన్నుతో కలిపి చివరికి ఎంతో అడగండి. షరతులు ఒకటే కాబట్టి అనవసరంగా ఎక్కువ కట్టక్కర్లేదు. అయితే దగ్గరలో ఆఫీసు ఉందా, క్లెయిము వస్తే మన మాట వినే మనిషి ఉన్నాడా అన్నది కూడా చూసుకోండి.

స్థలం ధర తీసెయ్యండి. ఇది ముందే చెప్పాం.

అక్కర్లేని అదనాలు వద్దనండి. నగలకి, విలువైన వస్తువులకి వేరే రక్షణ ఉంటుంది, దానికి వేరే డబ్బు. బంగారం బ్యాంకు లాకరులోనో తాకట్టులోనో ఉంటే ఇంట్లో నగలకి బీమా ఎందుకు?

ఇంటి పాలసీ పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. ఎక్కువ ఏళ్లకి తీసుకుంటే తగ్గింపు ఇస్తారా అని అడగండి. ఒకేసారి కట్టలేనివాళ్లు అప్పు చేసి మాత్రం కట్టకండి. ఏటా కట్టుకోండి, తేదీ తప్పకండి. దీర్ఘకాలం పాలసీలో కట్టడం మొత్తం ప్రతి ఏడాది 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది, దానికి అదనంగా కట్టక్కర్లేదు.

అప్పు ఇచ్చే బ్యాంకు ఫలానా కంపెనీలోనే తీసుకోమంటే, "మేము బయట తీసుకుని కాగితం తెచ్చి ఇస్తాం" అని చెప్పండి. ఇంటికి బీమా ఉండాలని అడగవచ్చు గాని, ఆ కంపెనీదే ఉండాలన్న నిబంధన లేదు.

తుపాను హెచ్చరిక వచ్చాక పరుగెడితే కొత్త పాలసీ దొరకకపోవచ్చు. అందుకే మా సంఘంలో ఉగాది నెలలోనే ఈ పని ముగిస్తాం.

నష్టం జరిగిన రోజు

మనుషుల్ని, కరెంటుని చూసుకున్నాక మొదటి పని ఫొటోలు. తడిసిన పడుగుని విప్పకముందే తియ్యండి. రెండో పని కంపెనీకి ఫోను. ఇచ్చిన ఫిర్యాదు నెంబరు గోడ మీద రాసుకోండి. ఫొటోలు తీశాక మిగిలినదాన్ని ఆరబెట్టి కాపాడుకోండి, పాడైనదాన్ని మాత్రం సర్వేయరు చూసేదాకా పారేయకండి. ఎంత పట్టు ఉండేదో రుజువు ఎక్కడిది అని అడుగుతారు. మన సంఘం పాస్‌బుక్కే రుజువు. ఏ తేదీన ఎంత పట్టు తీసుకున్నారు, ఎన్ని చీరలు అప్పగించారు, అన్నీ దానిలో ఉంటాయి. అందుకే పాస్‌బుక్కుని మగ్గం దగ్గర గూట్లో పెట్టకండి. ఫోనులో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న బిడ్డలకి పంపి ఉంచండి.

కంపెనీ కాదంటే అక్కడితో ఆగిపోకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఒడిశావాళ్లకి భువనేశ్వర్, తమిళనాడుకి చెన్నై, కర్ణాటకకి బెంగళూరు, షోలాపూరువాళ్లకి పుణె, యానాంవాళ్లకి హైదరాబాదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత ఫోను 155255.

మేము ఇప్పుడు ఏం చేస్తున్నాం

ఫైలిన్ అప్పుడు కోసుకున్న డబ్బు తర్వాత కమిటీలో తీర్మానం చేసి, ఊళ్లో ఉన్న సభ్యులకి కొంచెం కొంచెంగా తిరిగి జమ చేశాం. పూర్తిగా చెయ్యలేకపోయాం. ఇప్పుడు సంఘం పాలసీలో గోడౌనుతో పాటు సభ్యుల ఇళ్ల అడ్రసులన్నీ జాబితాగా జతచేసి, అక్కడున్న సంఘం పట్టు, జరీ, పడుగులు అని రాయించాం. ఆ ఖర్చు సంఘానిదే. ప్రతి మగ్గానికి ఏటా ఒక ఫొటో తీసి పెడుతున్నాం. ఇల్లు, సొంత మగ్గం మాత్రం సభ్యులే చేసుకోవాలి. దరఖాస్తు నింపడానికి చదువుకున్న మన పిల్లల్ని ఇద్దర్ని కూర్చోబెడుతున్నాం. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పాకే సంతకం. పరాయి భాషలో ఉన్న కాగితం మీద సిగ్గుపడి సంతకం పెట్టేసే అలవాటు మనకి తరతరాలుగా ఉంది. అది మానాలి. అడిగితే ఎవరూ నవ్వరు, నవ్వితే నవ్వనీండి.

సమాఖ్యకి మా విన్నపం ఒకటి. ప్రతి సంఘం తన పాలసీ కాపీని ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందు తెలుగులో చదివించాలి. సభ్యుల ఇళ్లలో ఉన్న సరుకు మాట దానిలో ఉందో లేదో అందరికీ చెప్పాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఒక్క సాయంత్రం చాలు.

సూరత్ వెళ్లినవాళ్ల ఇంటి అటక మీద ఆ మగ్గం కర్రలు ఇంకా ఉన్నాయి. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మాకు ఆ కోత గుర్తొస్తుంది. ఆ ఏడాది ఒక్క కాగితం చదివి ఉంటే వాళ్లు ఇక్కడే ఉండేవాళ్లు. ఇంకే ఊళ్లోనూ ఏ సంఘమూ తన సభ్యులకి అలా చెయ్యాల్సిన పరిస్థితి రాకూడదని కోరుకుంటున్నాం.